ఎదురు కుర్చీలో ఎవరు?

ఫోన్‌లో చెస్ ఆడటం ఎంత తేలికో మీకు తెలుసు. యాప్ తెరిచి 'ప్లే' నొక్కితే చాలు, ఐదు సెకన్లలో ఎవరో ఒకరు దొరికేస్తారు. బ్రెజిల్ వాడో, బీహార్ వాడో మనకి అనవసరం. వాడికి కుర్చీ వేయక్కర్లేదు, మంచినీళ్లు ఇవ్వక్కర్లేదు. వాళ్ల నాన్న వచ్చి 'మావాడికి నల్లపావులెందుకు ఇచ్చారండీ' అని నిలదీయడు.

నేనూ అలా ఫోన్‌లో ఆడి పెరిగినవాణ్ణే. అందుకే మా మామయ్య ఓ రోజు ఫోన్ చేసి, 'ఒరేయ్, పిల్లలకి చదరంగం టోర్నమెంట్ పెడుతున్నాం. రిజిస్ట్రేషన్లూ, సీటింగూ నువ్వు చూస్కో' అన్నప్పుడు ఏముందిలే అనుకున్నా. ఒక ఫాం, ఒక ఎక్సెల్ షీటు, గంట పని.

ఆ గంట పని మూడు వారాలు పట్టింది. అంతా అయిపోయిందని కాలర్ ఎగరేసిన మర్నాడు ఒక పదేళ్ల అమ్మాయి ముందు తల దించుకోవాల్సి వచ్చింది. ఈ వారం ఆ కథే.

ఈరోజే పుట్టిన నలుగురు

మాది తెనాలి. మామయ్య లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. సాయంత్రాలు వరండాలో చాపలేసి చుట్టుపక్కల పిల్లలకి చదరంగం నేర్పుతుంటారు. మా వైపు ఈ ఆటకి గిరాకీ తక్కువేం కాదు. గుంటూరు నుంచి వెళ్లిన పెంటేల హరికృష్ణ 2001లోనే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. కృష్ణా జిల్లా అమ్మాయి కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్లకే ఆ హోదా కొట్టేసింది. ద్రోణవల్లి హారికదీ గుంటూరే. ఇక 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మన రెండు జట్లూ బంగారు పతకాలు తెచ్చాక చూడాలి! ఆ జట్లలో హరికృష్ణ, హారిక, వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి ఉన్నారు. అదే ఏడాది చివర్లో అర్జున్ 2800 రేటింగ్ దాటాడు, హంపి రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. అప్పట్నుంచీ మామయ్య వరండాలో చాపలు చాలట్లేదు.

సరే, రెండు విభాగాలు పెట్టాం. తొమ్మిదేళ్ల లోపు ఒకటి, పదమూడేళ్ల లోపు ఒకటి. ఆరు రౌండ్లు, ఒక్కరోజు. ఫాం తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో వదిలా. మొదటి రోజే ఇరవై రెండు పేర్లు. రెండోరోజు షీటు తెరిచి చూస్తే కళ్లు తిరిగాయి.

పుట్టిన తేదీ గడిలో నలుగురు పిల్లలు 'ఈరోజే' పుట్టారు. ఫాం నింపిన తేదీనే అక్కడ కొట్టేశారన్నమాట. ఇద్దరు అభ్యర్థులకి ముప్ఫై ఎనిమిదేళ్లు. పిల్లాడి పేరు రాయమంటే నాన్న తన పేరు, తన పుట్టినరోజు రాసేసుకున్నాడు. ఒకావిడ పేరు ఉండాల్సిన చోట 'మా బాబు' అని మాత్రమే రాసింది. ఎవరి బాబో కనుక్కోడానికి మూడు కాల్స్ పట్టింది.

డబ్బుల సంగతి ఇంకో తమాషా. పిల్లాడి పేరు ఒకటి, డబ్బు పంపిన ఫోన్ బాబాయిది. ముగ్గురు అన్నదమ్ముల పిల్లలకి కలిపి ఒకే పేమెంట్. ఇంకొకాయన స్క్రీన్‌షాట్ పెట్టాడు, తీరా చూస్తే అది కరెంటు బిల్లుది. 

వయసు లెక్క దగ్గరైతే రోజూ ఒక తగాదా. 'మావాడికి తొమ్మిది నిండి ఆర్నెల్లయింది, ఇంకా చిన్నపిల్లల్లో ఎలా ఆడతాడు?' అని ఒకరు. 'పక్కింటివాడికి తొమ్మిదిన్నర, వాణ్ణెలా రానిచ్చారు?' అని ఇంకొకరు. అసలు లెక్క ఏంటంటే, చెస్‌లో ఆ ఏడాది జనవరి 1నే గీత. 2025లో తొమ్మిదేళ్ల లోపు పోటీ అంటే 2016 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు ఆడొచ్చు. జనవరి రెండున తొమ్మిది నిండినవాడు డిసెంబర్ దాకా చిన్నపిల్లల విభాగంలోనే ఉంటాడు. ఈ ఒక్క వాక్యాన్ని నేను ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఆఖరికి మా అమ్మ వంటింట్లోంచి నాకంటే ముందే చెప్పేసేది.

ఇంటిపేరు ముందా, వెనకా?

వీటన్నిటికంటే పెద్ద చిక్కు పేర్లతో వచ్చింది. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది. స్కూల్ రిజిస్టర్లో ఇంటిపేరు పొడి అక్షరమై పోతుంది. ఇంట్లో పిలిచేది మూడో పేరు. సాయి, చరణ్, శ్రీ... ఈ మూడింటినీ రకరకాలుగా కలిపితే మా షీటులో సగం మంది వచ్చేస్తారు. పైగా వాళ్ల నాన్న ఆఫీసు నుంచి ఒక ఫాం నింపుతాడు. ఆ సంగతి తెలీక అమ్మ ఇంటి నుంచి ఇంకొకటి నింపుతుంది.

అందరికీ ఫాం నింపే అలవాటూ ఉండదు. ఊళ్లనుంచి కొందరు పెద్దవాళ్లు మామయ్యకి ఫోన్ చేసి పేరు చెప్పారు. ఆయన పాత డైరీలో పెన్సిల్‌తో రాసుకున్నారు. 'పదేళ్ల పాప, రేపల్లె, తాతగారు తీసుకొస్తారు' అన్నది అలా వచ్చిన ఎంట్రీయే. దాన్నీ షీటులో ఎక్కించా. 

మొత్తం 96 వరసలు తేలాయి. అందులో రెండుసార్లు పడ్డవి రెండు పట్టుకుని తీసేశా. మిగిలింది 94. చిన్నవాళ్లు 40 మంది, పెద్దవాళ్లు 54 మంది. రెండూ సరిసంఖ్యలే. సరిసంఖ్య కనబడితే నాకెంత సంతోషమేసిందో! దాన్ని ఒక్కసారి అనుమానించి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

పెళ్లి బల్లలు, చదరంగం బల్లలు

హాలు మామయ్య స్నేహితుడి కల్యాణమండపం. ముహూర్తాల్లేని ఆదివారం కాబట్టి కరెంటు ఖర్చుకే ఇచ్చారు. బల్లలు, కుర్చీలు అక్కడే ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం నుంచీ సర్దడం మొదలెట్టాం.

మొదట బల్లల మీద పెళ్లికి వేసే శాటిన్ గుడ్డలు పరిచాం, అందంగా ఉంటుందని. మామయ్య వచ్చి ఒక బోర్డు పెట్టి, గుడ్డ అంచు మోకాలితో కొంచెం లాగారు. బోర్డు జారింది, రాజు పడ్డాడు. 'పిల్లల కాళ్లు ఊరుకుంటాయట్రా?' అన్నారు. గుడ్డలన్నీ తీసేశాం.

తర్వాత కుర్చీలు. ఆరేడేళ్ల పిల్లలు మామూలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే గడ్డం బల్లకి తగులుతుంది. అవతలి వరసలో ఉన్న ఏనుగు అందదు. లేచి నిలబడి ఆడతారు, మోచెయ్యి తగిలి నాలుగు బంట్లు పడిపోతాయి. దీనికి మామయ్య దగ్గర చిట్కా ఉంది. ఒక కుర్చీ మీద ఇంకో కుర్చీ. చిన్నవాళ్ల వైపు ప్రతి సీటుకీ రెండు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి వేశాం.

ఇలాంటివే ఇంకొన్ని ఆరోజు నేర్చుకున్నా. తెల్లపావులన్నీ ఒకే వైపు ఉండాలి. గోడ మీద జంటల కాగితం చూసొచ్చిన పిల్లకి 'పదిహేడో బోర్డు, తెల్ల' అని గుర్తుంటే చాలు, వెతుక్కోకుండా వెళ్లి కూర్చుంటుంది. ప్రతి ఆటగాడికీ కుడిచేతి వైపు మూల గడి తెల్లగా ఉండాలి. మేం సర్దినవాటిలో ఆరు బోర్డులు తిరగేసి ఉన్నాయి. బోర్డు నంబర్ స్టిక్కర్ బల్ల మీద కాదు, బల్ల అంచుకి నిలువుగా, రెండువైపులా అంటించాలి. మీద అంటిస్తే బోర్డు కిందకి పోతుంది. చిన్నవాళ్లని బాత్‌రూమ్‌కి దగ్గరగా కూర్చోబెట్టాలి. అన్నదమ్ముల్నీ, అక్కచెల్లెళ్లనీ పక్కపక్క బల్లల మీద కూర్చోబెట్టకపోతే మంచిది. తమ్ముడి బోర్డు చూస్తూ తన టైం అయిపోగొట్టుకునే అక్కలున్నారు. వరసల మధ్య ఆర్బిటర్ నడిచేంత దారి వదలాలి. తల్లిదండ్రుల కుర్చీలు తాడుకి అవతల, పిల్లల ముఖాలు కనబడేలా, బోర్డులు మాత్రం కనబడకుండా.

ఆ చివరిదే అన్నిటికంటే కష్టం. అయినా సాధించాం. రాత్రి తొమ్మిదికి 47 బోర్డులు, 94 సీట్లు వరసగా వెలుగుతుంటే ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నా.

అక్కడితో ఆగినా బాగుండేది.

స్పీడు చూపిద్దామని

జంటలు వేయడానికి సాఫ్ట్‌వేర్ ఉంది. పేర్లు ఎక్కించి బటన్ నొక్కితే ఎవరితో ఎవరో వచ్చేస్తుంది. ఇలాంటి పోటీల్లో వాడేది స్విస్ పద్ధతి. 1895లో జ్యూరిక్‌లో మొదటిసారి వాడారు కాబట్టి ఆ పేరు. దీని అందం ఏంటంటే ఓడిన పిల్లని ఇంటికి పంపించేయరు. అందరూ అన్ని రౌండ్లూ ఆడతారు. మొదటి రౌండ్‌లో జాబితాని సగానికి చీల్చి పైసగాన్ని కిందిసగంతో కలుపుతారు. తర్వాతి నుంచి ఎన్ని పాయింట్లున్నవాళ్లకి అన్నేసి పాయింట్లున్నవాళ్లతో ఆట. గెలిస్తే ఇంకాస్త గట్టివాడు, ఓడితే ఇంకాస్త తేలికవాడు. ఒకసారి ఆడినవాళ్లతో మళ్లీ పడదు. రంగు కూడా వీలైనంతవరకు మారుతూ ఉంటుంది. పక్షపాతం లేని పద్ధతి.

నేను శనివారం రాత్రి పదిన్నరకే మొదటి రౌండ్ జంటలు వేసి గ్రూపులో పెట్టేశా. పొద్దున్న హడావుడి ఉండదని మామయ్యకి చెప్పా గానీ, నిజం చెప్పాలంటే స్పీడు చూపిద్దామనే. వరసగా చప్పట్ల ఎమోజీలు. 'సూపర్ ఆర్గనైజేషన్' అని ఒకాయన. ఆ మాట చదువుకుంటూ నిద్రపోయా.

పద్నాలుగో బోర్డు

ఆదివారం తొమ్మిదిన్నర. ఆర్బిటర్ మేడమ్ మైకులో నియమాలు చెప్పారు. ముట్టుకున్న పావునే కదపాలి. గొడవొస్తే మాట్లాడకుండా క్లాక్ ఆపి చెయ్యెత్తాలి. పదిహేను నిమిషాల లోపు రానివాళ్లు ఆ రౌండ్ ఓడినట్టే. తర్వాత 'క్లాకులు నొక్కండి' అన్నారు. హాలంతా ఒక్కసారిగా టకటకమని మోగి నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం వినడానికైనా మీరొకసారి పిల్లల టోర్నమెంట్‌కి వెళ్లాలి.

అప్పుడు కనబడ్డాయి ఖాళీ కుర్చీలు. ఒకటి, రెండు... మొత్తం ఆరు. జ్వరమొచ్చి ఒకరు, చుట్టాలింట్లో పెళ్లని ఒకరు, కారణం చెప్పకుండా ఇంకో ముగ్గురు. ఆరోవాడెవడో ఎంతకీ తేలలేదు.

పద్నాలుగో బోర్డు దగ్గర రేపల్లె పాప కూర్చుంది. రెండు జడలు, యూనిఫాం. ఆదివారమైనా యూనిఫాంలోనే వచ్చింది. పొద్దున్నే రైలెక్కి తాతగారితో వచ్చిందట. ఆమెవి నల్లపావులు. చెస్‌లో మొదటి ఎత్తు తెల్లపావులవాళ్లదే. అవతల కుర్చీలో ఎవరూ లేరు. ఖాళీ కుర్చీ తాలూకు క్లాక్ నడుస్తోంది. ఆ పిల్ల రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, రాని ఎత్తు కోసం చూస్తోంది. మధ్యలో ఒకసారి తన గుర్రాన్ని గడి మధ్యకి సరిగ్గా జరుపుకుంది. ఆడటానికి ఇంకేం లేదు మరి.

నేను లోపలికి పరిగెత్తి షీటు తెరిచా. ఆమె ప్రత్యర్థి పేరు చూశా. అదే అబ్బాయి ఐదో బోర్డు దగ్గర కూర్చుని హాయిగా ఆడుకుంటున్నాడు! ఇంటిపేరు ముందు రాసి నాన్న ఒకసారి, వెనక రాసి అమ్మ ఒకసారి ఫాం నింపారు. నాకు ఇద్దరు పిల్లల్లా కనబడ్డారు. నా సరిసంఖ్యలో ఒకడు లేని పిల్లాడు. వాడి ఎదురుగా మాత్రం ఉన్న పిల్ల కూర్చుంది.

ఆర్బిటర్ మేడమ్ దగ్గరికెళ్లి 'ఇప్పుడు మార్చేయొచ్చా' అని అడిగా. 'రౌండ్ మొదలైంది బాబూ. జంటలు అందరూ చూసేశారు. ఇప్పుడు కదిపితే హాలు మొత్తం కదపాలి' అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, నెమ్మదిగానే. 'జంటలు వేయాల్సింది జాబితాలో పేర్లకి కాదు, కుర్చీలో ఉన్న పిల్లలకి.'

పదిహేను నిమిషాలయ్యాక నేనే వెళ్లా. 'నువ్వు గెలిచావమ్మా, ఒక పాయింటు' అన్నా, నవ్వు మొహం పెట్టుకుని. ఆ పిల్ల నావైపు చూసి అడిగింది. 'మరి ఆడేదెప్పుడు?'

తాడు అవతల్నుంచి తాతగారు వచ్చారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. 'బాబూ, నాలుగింటికి లేచి వచ్చాం. దాంతో ఎవరన్నా ఆడతారనే. ఉత్త పాయింటు ఏం చేసుకుంటుంది?' అన్నారు.

ఉత్త పాయింటు ఖరీదు

పరుగు పందెంలో ఒకడు రాకపోతే మిగతావాళ్లు పరిగెడతారు. డ్రాయింగ్ పోటీలో ఒకరు తగ్గితే ఒక డ్రాయింగ్ షీటు మిగులుతుంది. చదరంగం అలా కాదు. ఒకరు రాకపోతే, వచ్చిన ఇంకొకరికి ఆట ఉండదు. మనం షీటులో తీసేయడం మర్చిపోయిన ఒక్క వరస, హాల్లో ఒక నిజమైన పిల్లకి ఖాళీ కుర్చీ అవుతుంది.

పైగా ఉత్త పాయింటు ఉత్తగా పోదు. రెండో రౌండ్‌లో ఒక పాయింటున్నవాళ్లు ఒక పాయింటున్నవాళ్లతో ఆడాలి కదా. అంటే ఒక్క ఎత్తూ వేయని ఈ పిల్లని సాఫ్ట్‌వేర్ నిజంగా గెలిచినవాళ్ల మధ్యలో పడేసింది. ఎదురుగా రేటింగ్ ఉన్న కుర్రాడు. ఆటలోకి చెయ్యి తిరగనేలేదు, పదకొండు ఎత్తుల్లో రాజు చిక్కిపోయాడు. తప్పు నాది, ఓటమి ఆమెది.

ఇంకో చిక్కు మిగిలింది. లేనివాళ్లని తీసేశాక చిన్నవాళ్లు 37, పెద్దవాళ్లు 51. రెండూ బేసి. అంటే ప్రతి రౌండ్‌లో ఒక్కో విభాగంలో ఒకరికి జోడీ ఉండదు. దాన్ని 'బై' అంటారు. పాయింటు ఇచ్చి పక్కన కూర్చోబెడతారు. అది కిందివరసలో ఉన్నవాళ్లకే పడుతుంది. అసలే ఓడిపోతున్న పిల్లకి, ఆడే అవకాశమూ పోతుందన్నమాట.

ఇక్కడ మామయ్య మమ్మల్ని ఒడ్డున పడేశారు. వాళ్ల శిష్యులు ఇద్దరు ఆరోజు మంచినీళ్ల సీసాలు అందించడానికి వచ్చారు. ఒకడికి ఎనిమిదేళ్లు, ఒకమ్మాయికి పన్నెండు. 'వీళ్లని ఆలస్యంగా వచ్చినవాళ్ల కింద కలిపేయండి మేడమ్. ప్రైజులకి లెక్కలోకి తీసుకోకండి. ఎదురుగా కూర్చోడానికి మనిషి కావాలి, అంతే' అన్నారు. మేడమ్ ఒప్పుకున్నారు. 38, 52. ఆ ఎనిమిదేళ్లవాడు చేతిలో సీసాలు కింద పెట్టి, రెండు కుర్చీల సింహాసనం ఎక్కి కూర్చున్నాడు. తర్వాతి ఐదు రౌండ్లలో ఒక్క పిల్ల కూడా జోడీ లేక కూర్చోలేదు.

మూడో రౌండ్ నుంచి రేపల్లె పాప తన స్థాయి వాళ్ల దగ్గరికి వచ్చింది. ఒకటి గెలిచింది, ఒకటి ఓడింది. ఐదో రౌండ్‌లో హాల్లో చివరికి మిగిలిన ఆట ఆమెదే. ఒక మంత్రి ఎక్కువ ఉండి కూడా అవతలి రాజుకి కదలడానికి గడి లేకుండా చేసేసింది. చెక్ కూడా లేదు. స్టేల్‌మేట్, డ్రా. బయటికొచ్చి తాతగారికి ఆ ఆట మొత్తం చేతులు తిప్పుతూ చెబుతోంది. ఆయనకి చదరంగం రాదట. అయినా 'అట్నా? తర్వాత?' అంటూ వింటున్నారు. పొద్దున్న ఇవ్వాల్సింది నేను ఇదే కదా అనిపించింది. ఇంటికెళ్లి చెప్పుకోడానికి ఒక ఆట.

ఆరో రౌండ్ గెలిచి మూడున్నర పాయింట్లతో ముగించింది. అందులో ఒకటి నేనిచ్చింది. బహుమతి రాలేదు. వెళ్తూ వెళ్తూ స్కోర్ రాసుకున్న కాగితాలు మడిచి జామెట్రీ బాక్సులో పెట్టుకుంది. కాగితాలు ఐదే.

మీరూ పెట్టాలనుకుంటే

అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లోనో, కాలేజీ క్లబ్‌లోనో, మీ ఊరి లైబ్రరీలోనో మీకూ ఇలాంటి పని తగలొచ్చు. 'కంప్యూటర్ తెలుసుగా' అనే మామయ్యలు అందరికీ ఉంటారు. నా దెబ్బలు మీకు పనికొస్తాయని ఇస్తున్నా:

• పేరుని బట్టి పిల్లల్ని గుర్తుపట్టొద్దు. పుట్టిన తేదీ, ఫోన్ నంబరు కలిపి చూడండి. ఈ రెండూ ఒకటే అయిన వరసలు కనబడితే ఫోన్ చేసి అడగండి. కవలలు కూడా ఉంటారు, కాబట్టి అడక్కుండా తీసేయొద్దు.

• పిల్ల పేరు, నింపుతున్న పెద్దవాళ్ల పేరు వేర్వేరు గడుల్లో పెట్టండి. డబ్బు ఎవరి ఫోన్ నుంచి పంపారో ఇంకో గడి. పుట్టిన తేదీలో నెలని అంకెలో కాకుండా పేరుతో ఎంచుకునేలా పెట్టండి. 03-07 అంటే మార్చా, జులైనా అన్న గొడవ ఉండదు.

• ఫాం నింపలేనివాళ్ల కోసం ఒక ఫోన్ నంబరు, ఒక డైరీ ఉంచండి. మామయ్య పెన్సిల్ డైరీలో ఒక్క తప్పూ దొర్లలేదు. తప్పులన్నీ నా షీటులోనే.

• పేర్లు రెండు రోజుల ముందే ఆపేయండి. ముందురోజు సాయంత్రం అందరికీ ఒక మెసేజ్, జవాబివ్వనివాళ్లకి ఒక కాల్. ఐదుగురు వాలంటీర్లుంటే వంద మందికి అరగంట పని.

• పొద్దున్న గేటు దగ్గర హాజరు టిక్కు పడాలి. టిక్కు పడ్డాకే జంటలు. ఇరవై నిమిషాలు ఆలస్యమవుతుంది, కొందరు నాన్నలు వాచీ చూసుకుంటారు. చూసుకోనివ్వండి.

• ప్రతి విభాగంలో ఒక పిల్లనో పిల్లాణ్ణో చేతికింద ఉంచుకోండి. బేసి వచ్చినప్పుడు ఎదురు కుర్చీలో కూర్చోడానికి. ఆర్బిటర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి. వాళ్లకి పెద్ద చాక్లెట్ ఇవ్వండి, టోర్నమెంట్‌ని నిలబెట్టేది వాళ్లే.

• రిజల్ట్ స్లిప్పు మీద ఇద్దరూ సంతకం పెట్టాకే బోర్డు దగ్గర్నుంచి లేవనివ్వండి. చిన్నపిల్లలు గెలుపు సంబరంలో ఎదుటివాడి పేరు ముందు ఒకటి వేసేస్తారు.

తర్వాతి ఆదివారం

నాలుగు నెలల తర్వాత మళ్లీ టోర్నమెంట్ పెట్టాం. ఈసారి రాత్రిపూట జంటలు పెట్టలేదు. 'ఇంకా రాలేదేంటి' అని గ్రూపులో ఇద్దరు ముగ్గురు అడిగారు. 'పొద్దున్న పిల్లలు వచ్చాక' అని రాశా. చప్పట్ల ఎమోజీలు రాలేదు.

ఫాం ఇంకా గ్రూపుల్లో పెట్టకముందే మామయ్య ఫోన్‌కి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. రేపల్లె తాతగారు. ఆయన నాకు పంపమన్నారట, మామయ్య పంపారు. వెనకాల ఎక్కడో కోడి కూస్తోంది, పక్కన ఆ పిల్ల ఏదో అందిస్తున్నట్టు గుసగుసలు. 

'బాబూ, మా మనవరాలి పేరు రాసుకో. అదే పేరు, పాత డైరీలో ఉంటుంది. డబ్బులు వచ్చాక ఇస్తాను. ఇంకో మాట అడగమంటోంది... ఈసారి ఎదురుగా మనిషి ఉంటారా అని.'

మూడుసార్లు విన్నా. తర్వాత ఒక్క ముక్క టైప్ చేసి పంపా.

'ఉంటారండీ.'

ఆ ఆదివారం హాజరు పుస్తకంలో మొదటి టిక్కు ఆమెదే. రైలు దిగి నేరుగా వచ్చేశారు, గేటు ఇంకా తెరవలేదు. తొమ్మిది ముప్పావుకి ఇరవై రెండో బోర్డు దగ్గర, ఈసారి తెల్లపావులతో, రాజు ముందున్న బంటుని రెండు గడులు ముందుకి తోసి క్లాక్ నొక్కింది. ఎదురుగా కళ్లజోడు పిల్లాడు ముక్కు ఎగబీల్చి, బోర్డు మీదకి వంగాడు.